ఇంతమంది జనానికి భూమిలో నీళ్ళు ఎన్నాళ్ళు సరిపోతాయి?

రెండించుల_నీళ్ళు
మొన్న ఆదివారం ఊరికి వెళ్ళాను, జనగామ దగ్గర. నాన్న నాలుగో బోరు వేయిస్తానని పట్టుబట్టి కూర్చున్నాడు. తాత తవ్వించిన మోటబావి లోతు 12 గజాలు. నేను ఈత నేర్చుకున్నది అందులోనే. ఇప్పుడు దాంట్లో తుమ్మచెట్టు మొలిచింది. 1998లో వేసిన మొదటి బోరు 180 అడుగులు. తర్వాతది 350. 2016లో వేసింది 620. పోయిన నెల పక్క చేను ఆయన 800 దాకా వేయిస్తే తెల్ల దుమ్ము తప్ప ఏమీ రాలేదు. అయినా మా నాన్న "మనది వేరే పాయింటు, వెయ్యి పోదాం" అంటాడు.

తిరిగి హైదరాబాద్ వచ్చానా, ఇక్కడ అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ట్యాంకర్ గొడవ. 60 ఫ్లాట్లకు రోజుకు 8 ట్యాంకర్లు. మూడో అంతస్తులో పెళ్ళి చుట్టాలు దిగితే తొమ్మిది. ఆ తొమ్మిదో దాని డబ్బులు ఎవరు కట్టాలన్నదే గొడవ.

ఒక పక్క ఇది, ఇంకో పక్క పిల్లల్ని ఎక్కువమందిని కనమని ముఖ్యమంత్రులే చెబుతున్నారు. దేశం 140 కోట్లు దాటింది. భూమి పెరగదు, వాన పెరగదు. జనం ఇలాగే పెరుగుతూ పోతే ఎక్కడో ఒకచోట దెబ్బ తగలాలి కదా? దీనికి ఎవరైనా లెక్క కట్టారా?

కాఫీకప్పు
లెక్క కట్టాల్సినాయన ట్యాంకర్ లైన్లో ఉన్నాడు. రాగానే చెబుతాడు.

లెక్కలమాస్టారు
కట్టారు, చాలాసార్లు తప్పారు కూడా. 1798లో మాల్థస్ అనే ఇంగ్లీషు పాదిరీ, జనం రెట్టింపు రెట్టింపుగా పెరుగుతారు, తిండి మాత్రం కూడిక లెక్కన పెరుగుతుంది, కాబట్టి కరువు తప్పదు అన్నాడు. అప్పటికి ప్రపంచ జనాభా 100 కోట్లు. 2022 నవంబరులో 800 కోట్లు దాటింది. ఆయన లెక్కలో లేనివి రెండు. ఒకటి, గాలిలోని నత్రజనిని పట్టి ఎరువుగా మార్చే పద్ధతి. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో జర్మనీలో వచ్చింది. ఈ రోజు ప్రపంచంలో సుమారు సగం మంది కంచంలోకి తిండి వస్తున్నది ఆ ఎరువు వల్లే. రెండోది, ఆడవాళ్ళు చదువుకుని, పుట్టిన పిల్లలు బతుకుతారన్న ధీమా వస్తే, తక్కువమందినే కంటారని ఆయనకు తోచలేదు.

1960ల చివర్లో ప్రపంచ జనాభా ఏడాదికి 2 శాతం పైగా పెరిగేది. ఇప్పుడు ఒక శాతం లోపే. ఐక్యరాజ్యసమితి 2024 అంచనా ప్రకారం 2080ల్లో సుమారు 1,030 కోట్లకు చేరి, అక్కణ్ణుంచి తగ్గుముఖం పడుతుంది. అంటే "పెరుగుతూ పోతే" అన్న మీ ప్రశ్నలో ఆ "పోతే" దగ్గరే నాకు అనుమానం.

సీమ_రైతుబిడ్డ
మాస్టారూ, 2080 దాకా ఎవరున్నారు? ఈ ఎండాకాలం దాటేది చెప్పండి.

మాది కదిరి పక్క. మా నాన్న, నేను కలిపి ఏడు బోర్లు వేశాం. ఆరు పోయాయి. ప్రతిసారీ అదే తతంగం. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని ఒకాయన చేనంతా తిరుగుతాడు, కాయ నిక్కితే అక్కడ రాయి పాతి పసుపు పూస్తారు. రాత్రికి తిరుచెంగోడు నుంచి రిగ్గు లారీ దిగుతుంది. వాళ్ళ తమిళం మనకు రాదు, మన బాధ వాళ్ళకు పట్టదు. అడుగుకింత అని మీటర్ తిరుగుతూ ఉంటుంది. 400 దాటాక అమ్మ లేచి లోపలికి వెళ్ళిపోతుంది, చూడలేక. ఐదో బోరుకి మా ఆవిడ గొలుసు పోయింది. ఏడోదానికి ఒకటిన్నర ఇంచు పడింది. ఊరంతా వచ్చి చూశారు, పెళ్ళిలా.

రెండించుల_నీళ్ళు గారూ, మీ నాన్నని ఆపండి. పక్క చేను 800లో దుమ్ము లేచిందంటే అదే మీ జవాబు.

రెండించుల_నీళ్ళు
ఆపితే వినే మనిషైతే ఇక్కడ ఎందుకు రాస్తాను అన్నా.

నిద్రమత్తు
చిన్నప్పుడు గోడమీద కుటుంబ నియంత్రణ ఎర్ర త్రికోణం, "ఇద్దరు లేక ముగ్గురు చాలు". తర్వాత "మేమిద్దరం మాకిద్దరు". ఇప్పుడు "ముగ్గురు కావాలి". గోడ అదే, సున్నం కొత్తది.

గోదారి_గట్టు
నిద్రమత్తు గారి పోస్టుకి మా మామయ్య కథ. ఇద్దరికి మించి పిల్లలుంటే పంచాయతీ ఎన్నికల్లో నిలబడకూడదని 1994లో రూలు వచ్చింది కదా. మా మామయ్యకి సర్పంచ్ పిచ్చి, అప్పటికే ఇద్దరు కూతుళ్ళు. రూలు అమల్లోకి వచ్చాక మూడోవాడు పుట్టాడు. కాగితాల మీద వాడు చిన్న మామయ్య కొడుకు. మామయ్య నెగ్గాడు, ఐదేళ్ళు చేశాడు. వాడి టెన్త్ సర్టిఫికెట్‌లో ఇప్పటికీ తండ్రి పేరు బాబాయిది. ఆంధ్రలో 2024 నవంబరులో ఆ రూలు ఎత్తేశారు. వాడు "నాన్నా, ఇప్పుడైనా నన్ను ఒప్పుకుంటావా" అని భోజనాల దగ్గర అందరి ముందూ అడిగాడు. అందరూ నవ్వారు. మామయ్య నవ్వలేదు.

కాఫీకప్పు
నవ్వాలో వద్దో తెలీని పోస్టు.

రిటైర్డ్_ఏఎన్నెమ్
జనాభా ఎలా తగ్గిందో మాస్టారు రెండు ముక్కల్లో తేల్చేశారు. ఆ రెండు ముక్కల వెనక నేను 31 ఏళ్ళు సైకిల్ మీదా, ఆ తర్వాత మోపెడ్ మీదా తిరిగాను కాబట్టి నాలుగు మాటలు రాస్తాను.

1984లో ఉద్యోగంలో చేరాను. నెలకు ఇన్ని కేసులు అని టార్గెట్ ఉండేది. కేసు అంటే పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్. టార్గెట్ కాకపోతే జీతం ఆపేవారు. మార్చి వచ్చిందంటే మాకే కాదు, టీచర్లకూ వీఆర్వోలకూ కూడా కేసులు తెమ్మని చెప్పేవారు. ఒకే ఆవిడని ఇద్దరం మా కేసంటే మా కేసని లాక్కున్న రోజులున్నాయి. స్కూలు వరండాలో క్యాంపు. బెంచీలు కలిపి బల్ల. ఆపరేషన్ అయిన వాళ్ళని కింద చాపల మీద వరసగా పడుకోబెట్టేవాళ్ళం. ఎండాకాలం అయితే నేనే అట్టముక్కతో విసిరేదాన్ని. 1996లో టార్గెట్లు తీసేశారు, కాగితం మీద.

మగవాళ్ళని అడగలేదా అంటారు. ఎమర్జెన్సీలో ఒక్క ఏడాదిలో 60 లక్షల మందికి పైగా మగవాళ్ళకి చేశారు, బలవంతంగా చాలామందికి. ఆ భయంతో తర్వాత ఏ ప్రభుత్వమూ మగాడి జోలికి పోలేదు. మొత్తం ఆడదాని పొట్టమీదే పడింది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. ఆంధ్రలో పెళ్ళయిన ఆడవాళ్ళలో దాదాపు 70 శాతం మందికి ఆపరేషన్ అయింది. మగవాళ్ళది ఒక్క శాతం కూడా లేదు. 19కి పెళ్ళి, 23కి ఇద్దరు పిల్లలూ ఆపరేషనూ, 24కి నడుంనొప్పి మొదలు. నా రిజిస్టర్ నిండా ఇవే వయసులు.

అదే సర్వేలో ఆంధ్రలో సగటున ఒక్కో తల్లికి 1.7 మంది పిల్లలు. జనం తగ్గకుండా నిలబడాలంటే 2.1 ఉండాలి. అంటే మనం ఎప్పుడో ఆగిపోయాం. ఇప్పుడు పెద్దలు మైకు పట్టుకుని మళ్ళీ కనమంటుంటే నాకు ఆ వరండా గుర్తొస్తుంది. అప్పుడూ ఎవరూ ఆవిణ్ణి అడగలేదు, ఇప్పుడూ అడగట్లేదు.

సీమ_రైతుబిడ్డ
అమ్మా, మా అమ్మకి కూడా అలాంటి క్యాంపులోనే చేశారు. "ఇంటికి ఎడ్లబండిలో తెచ్చారు, ప్రతి గుంతకీ ప్రాణం పోయింది" అని ఇప్పటికీ చెబుతుంది.

శేరిలింగంపల్లి_శీను
అంతా బాగుంది కానీ, మన దగ్గర తగ్గితే ఏంటి, ఉత్తరాదిలో పెరుగుతోంది కదా. అక్కడి వాళ్ళంతా ఇక్కడికే వస్తున్నారు. మా గచ్చిబౌలి సైటులో మేస్త్రీ నుంచి లిఫ్ట్ ఆపరేటర్ దాకా అందరూ హిందీయే. హైదరాబాద్ నీళ్ళు చాలకపోవడానికి అసలు కారణం అది.

వేదిక_కాపలా
శీను గారి పోస్టు కింద వచ్చిన రెండు జవాబులు తీసేశాను. మతం, కులం పేరు పెట్టి "వాళ్ళే కంటున్నారు" అనే మాటలు ఇక్కడ వద్దు. ఇంకోసారి వస్తే ఈ చర్చకే తాళం.

లెక్కలమాస్టారు
శీను గారూ, బీహార్ కూడా తగ్గుతోంది. ఒక్కో తల్లికి సగటున ఇంకా 3 దగ్గర ఉంది నిజమే, కానీ ఒకప్పుడు 4 ఉండేది. దేశం మొత్తం మీద సగటు 2.0. అన్ని మతాల్లోనూ గీత కిందికే దిగుతోంది. కొందరు ముందు దిగారు, కొందరు వెనక.

ఆ మేస్త్రీ రాకపోతే మీ బిల్డింగ్ ఎవరు కడతారు?

రెండించుల_నీళ్ళు
మాస్టారు అన్నది నిజం. మా పొలంలో నాట్లు వేసేది కూడా ఇప్పుడు బీహార్, బెంగాల్ నుంచి వచ్చిన కుర్రాళ్ళే. ఎకరానికింత అని గుత్తకు తీసుకుని ఫోన్లో పాటలు పెట్టుకుని సాయంత్రానికి ముగిస్తారు. ఊళ్ళో నాటేసే ఆడవాళ్ళంతా యాభై దాటినవాళ్ళే, నడుములు పట్టేశాయి.

లెక్కలమాస్టారు
అయితే ఒక మాట అడుగుతాను. మీ ఊళ్ళో జనం పెరిగారా, తగ్గారా?

రెండించుల_నీళ్ళు
...తగ్గారు. నేను చదివినప్పుడు బడిలో 140 మంది. ఇప్పుడు తొమ్మిది మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు. ఓటర్ల జాబితాలో ఉన్నవాళ్ళలో సగం మంది బతుకమ్మకో సంక్రాంతికో తప్ప కనిపించరు. మా వాడకట్టులో నాలుగు ఇళ్ళకి తాళాలు.

మీరు ఎక్కడికి వస్తున్నారో అర్థమైంది.

లెక్కలమాస్టారు
ఊళ్ళో జనం తగ్గారు, నీళ్ళూ తగ్గాయి. మరి ఎవరు తాగేశారు? నాన్నగారు ఎన్ని ఎకరాలు వరి వేస్తారు యాసంగికి?

రెండించుల_నీళ్ళు
మూడు.

లెక్కలమాస్టారు
బోరు కింద యాసంగి వరికి కిలో బియ్యం పండాలంటే సుమారు 3,000 లీటర్ల నీళ్ళు పడతాయి. నేల తేలికదైతే ఇంకా ఎక్కువ. మూడెకరాలకి 75 క్వింటాళ్ళ వడ్లు అనుకుందాం. మర పట్టిస్తే 50 క్వింటాళ్ళ బియ్యం, అంటే 5,000 కిలోలు. 3,000తో గుణించండి. కోటీ యాభై లక్షల లీటర్లు. 5,000 లీటర్ల ట్యాంకర్లు మూడు వేలు. మీ అపార్ట్‌మెంట్‌కి రోజుకు ఎనిమిది చొప్పున ఏడాది దాటి వస్తాయి.

ఒక పంటకి, ఒక రైతుకి. ఇంట్లో 25 కిలోల బియ్యం బస్తా మీద చెయ్యి వేసినప్పుడల్లా 15 ట్యాంకర్లు గుర్తు తెచ్చుకోండి.

నిద్రమత్తు
ఇప్పుడే రెండోసారి అన్నం వడ్డించుకున్నాను. థాంక్స్ మాస్టారూ.

గోదారి_గట్టు
మాస్టారి లెక్క బోరు కింద వరికి సరే, మాకు అంటగట్టకండి. మాది డెల్టా. 1832-33 కరువులో గుంటూరు జిల్లాలో సుమారు 5 లక్షల మందిలో ఒకటిన్నర నుంచి 2 లక్షల దాకా చచ్చిపోయారు. అప్పటి జనాభా ఎంతని? ఇప్పటితో పోలిస్తే గుప్పెడు. నీళ్ళు పక్కనే పారుతున్నాయి, కట్ట లేదు, కాలువ లేదు. కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట 1852కి పూర్తిచేశాక గోదావరి రెండు పక్కలా మనిషి మారిపోయాడు. 1967లో మా ఆచంటలో ఐఆర్8 అనే కొత్త వరి వంగడం వేస్తే ఆ దిగుబడి చూడ్డానికి ఎక్కడెక్కణ్ణుంచో వచ్చారని మా తాత చెప్పేవాడు. జనం తక్కువున్నప్పుడే కరువులు, ఎక్కువైనప్పుడు తిండి మిగులు. దీనికేం చెబుతారు?

పైగా గోదావరి నీళ్ళు ఏటా వేల టీఎంసీలు సముద్రం పాలు. వరి వేసినా వేయకపోయినా పోయేవే.

సీమ_రైతుబిడ్డ
సముద్రం పాలు అనకండన్నా, మా కడుపు మండుతుంది. ఆ నీళ్ళలో ఒక్క చెంబు మాకు ఇవ్వమంటే వంద కమిటీలు.

పులస_ప్రియ
సముద్రంలో కలవకపోతే పులస ఎలా ఎదురెక్కి వస్తుంది? కోరింగ మడ అడవి ఎలా బతుకుతుంది? నది సముద్రంలో కలవడం దండగ అనే మాట నాకు మొదట్నుంచీ ఎక్కదు. చివరి భూముల్లో ఉప్పునీరు పైకి తన్నుకొస్తున్న సంగతి గట్టు గారికి తెలియంది కాదు.

గోదారి_గట్టు
పులస పేరెత్తితే నేను వాదించను.

రెండించుల_నీళ్ళు
మాస్టారి లెక్క రాత్రి నాన్నకి ఫోన్లో చెప్పాను. మూడు వేల ట్యాంకర్లు అన్నాను. ఆయన కాసేపు ఊరుకుని ఒకటే అడిగాడు. "నా బియ్యం ఎంతమంది తింటరురా?" నెలకు మనిషికి 10 కిలోలు వేసుకుంటే ఏడాదికి 40 మంది పైనే. "నా నీళ్ళు 40 మందికి బువ్వ పెడుతున్నయి. మీ నీళ్ళు కార్లు కడుగుతున్నయి. ఎవరిది దుబారా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

కాఫీకప్పు
నాన్నగారిని ఈ వేదికలో చేర్పించండి. మాస్టారికి సరైన జోడీ.

లెక్కలమాస్టారు
ఒప్పుకుంటున్నాను, దెబ్బ తగిలింది.

కానీ ఆ 40 మంది ఎక్కడున్నారో కూడా చూడాలి. ప్రపంచంలో బియ్యం ఎగుమతుల్లో సుమారు 40 శాతం మనవే. గోదాముల్లో మిగిలిన బియ్యాన్ని ఇథనాల్ చేయడానికి కూడా ఇస్తున్నారు. మీ నాన్న 620 అడుగుల నుంచి తోడిన నీళ్ళలో కొంత ఓడెక్కి ఆఫ్రికా పోతోంది, కొంత పెట్రోల్లో కలిసి మీ శేరిలింగంపల్లి ట్రాఫిక్‌లో కాలిపోతోంది.

శేరిలింగంపల్లి_శీను
మళ్ళీ నా మీదికే వచ్చింది.

సీమ_రైతుబిడ్డ
వరి మానెయ్యమని అందరూ చెబుతారు. రెండించుల అన్నా, మీ నాన్న వేరే పంట ఎందుకు వెయ్యడో అడిగారా ఎప్పుడైనా?

రెండించుల_నీళ్ళు
అడక్కుండానే తెలుసు. కోతులు.

నవ్వకండి. ఒకప్పుడు మా దగ్గర మక్క, పెసర, పల్లి, కూరగాయలు అన్నీ వేసేవాళ్ళు. గుట్టలు క్వారీలకి పోయాక కోతుల మందలు ఊళ్ళోకి దిగాయి. మక్కకంకి పాలుపోసుకునే రోజున వస్తాయి, ఎలా తెలుస్తుందో. పల్లిని పీకి, గింజ నమిలి, పొట్టు మన మొహాన పారేస్తాయి. రాత్రి అడవిపందులు. మా అమ్మ రెండేళ్ళు డబ్బా కొడుతూ చేలో కూర్చుంది. పొలంలో పులి బొమ్మ పెట్టాం, నాలుగో రోజు దాని మీదే కూర్చుని పేలు చూసుకుంటున్నాయి. కోతులు ముట్టనిది వరి ఒక్కటే. పైగా వడ్లు ఐకేపీ సెంటర్లో పోస్తే గ్యారంటీగా కొంటారు, ఆలస్యమైనా. కోతకి మిషన్ వస్తుంది. 68 ఏళ్ళ మనిషి ఒక్కడే చేయగలిగే సాగు అది. కరెంటు బిల్లు లేదు కాబట్టి మోటర్ దానంతటదే ఆడుతుంది, ఆటో స్టార్టర్.

దేవాదుల ఎత్తిపోతల నీళ్ళతో చెరువు నింపినప్పుడు రెండేళ్ళు బోర్లు బాగా పోశాయి. ఏం జరిగింది? అందరూ ఇంకో ఎకరం వరి పెంచారు. మూడో ఏడు మళ్ళీ మొదటికే.

లెక్కలమాస్టారు
ఈ పోస్టు నా పాతికేళ్ళ పాఠాల కంటే బాగుంది. జనాభా పట్టికల్లో కోతికి కాలమ్ లేదు.

రిటైర్డ్_ఏఎన్నెమ్
68 ఏళ్ళ మనిషి ఒక్కడే అన్నారు చూడండి, నాకు అక్కడ ఆగింది. ఇద్దరు చాలని మేమే చెప్పాం. ఆ ఇద్దరూ హైదరాబాద్, అమెరికా. మా వీధిలో సాయంత్రం అరుగు మీద కూర్చునేవాళ్ళందరి వయసు కలిపితే వెయ్యేళ్ళు.

టోక్యో_తెలుగోడు
ఏఎన్నెమ్ అమ్మ చెప్పిన అరుగు ఇక్కడ దేశమంతా ఉంది. జపాన్ జనాభా 2008లో 12.8 కోట్లు, అక్కణ్ణుంచి దిగుతోంది. 2024లో పుట్టిన పిల్లలు 7 లక్షల లోపు. ఖాళీ ఇళ్ళు 90 లక్షలు. మా ఆఫీసు పక్క ఊళ్ళో ఇల్లు కారు ధరకి వస్తోంది, కొనేవాడు లేడు. బస్సు లేదు, ఆస్పత్రి మూశారు. పల్లె చివర్లో ఎలుగుబంట్లు దిగుతున్నాయి, మీకు కోతులైతే మాకు ఎలుగులు.

జనం తగ్గితే ప్రకృతి హాయిగా ఉంటుందని నేనూ అనుకునేవాణ్ణి. అడవైతే పెరుగుతోంది. కానీ ఇరవై ఇళ్ళున్న లోయకి కూడా అదే పైపులైను, అదే రోడ్డు, అదే వంతెన నిలబెట్టాలి. మనిషి తలకు ఖర్చు పెరుగుతుంది తప్ప తగ్గదు. దక్షిణ కొరియా ఇంకా ఘోరం, 2023లో ఒక్కో తల్లికి 0.72.

గోదారి_గట్టు
జపాన్ వాడు ఒక్కడు మా ఊరి పదిమంది వాడేంత వాడతాడు. అది కూడా చెప్పు తమ్ముడూ.

టోక్యో_తెలుగోడు
పదిమంది కాకపోవచ్చు అన్నా, కానీ మాట నిజమే. అమెరికా వాడు ఏడాదికి సగటున 14, 15 టన్నుల కార్బన్ డయాక్సైడ్ వదులుతాడు. మన దేశంలో మనిషికి 2 టన్నులు. మా బావ డాలస్‌లో లాన్‌కి పోసే నీళ్ళతో సీమ అన్న ఎకరం పల్లి తీస్తాడు.

డాలస్_బావ_కాదు
లాన్ ఎండిపోతే కాలనీ వాళ్ళు ఫైన్ వేస్తామని లెటర్ పంపుతారండీ, మా ఇష్టం కాదు. ఉగాదికి గోంగూర వేస్తే కలుపు మొక్క అని పీకించారు.

శేరిలింగంపల్లి_శీను
సరే, అందరూ జనాభా సమస్యే కాదన్నట్టు తేల్చేస్తున్నారు. ఒక మొండి లెక్క చెబుతాను. దేశంలో తలసరి నీటి లభ్యత 1951లో ఏడాదికి 5,177 ఘనపు మీటర్లు. 2011లో 1,545. 2021కి 1,486. 1,700 కంటే తక్కువైతే నీటి ఎద్దడి అంటారు. వాన తగ్గి ఇలా అవలేదు, భాగహారంలో కింద ఉన్న అంకె పెరిగి అయింది. 36 కోట్ల మంది పంచుకున్నదాన్ని 140 కోట్ల మంది పంచుకుంటున్నారు. కోతుల వల్ల కాదు.

హైదరాబాద్ కూడా అంతే. 1908 మూసీ వరద తర్వాత కట్టిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ ఊరికి సరిపోయేవి. తర్వాత మంజీర. తర్వాత నాగార్జునసాగర్ నుంచి కృష్ణ. 2015 నుంచి ఎల్లంపల్లి దగ్గర గోదావరి, 180 కిలోమీటర్ల పైన పైపు. తర్వాత ఎక్కణ్ణుంచి? గంగా?

లెక్కలమాస్టారు
శీను గారి భాగహారం తప్పు కాదు. ఈసారి గీతకి ఇటువైపు నేను కూడా ఉన్నాను. జనాభా పెరగడం ఆగిపోతుంది కాబట్టి నిశ్చింతగా ఉండొచ్చని నేను చెప్పట్లేదు. మన దేశమే 2060ల్లో 170 కోట్ల దగ్గర ఆగుతుందని అంచనా. మధ్యలో ఇంకో 25 కోట్లు ఉన్నాయి.

దీనిమీద ఒక పందెం కథ ఉంది. జనాభా విస్ఫోటం అని ప్రపంచాన్ని భయపెట్టిన పాల్ ఎర్లిచ్‌తో జూలియన్ సైమన్ అనే ఆర్థికవేత్త 1980లో పందెం కట్టాడు. రాగి, క్రోమియం, నికెల్, తగరం, టంగ్‌స్టన్, ఈ ఐదు లోహాల ధరలు పదేళ్ళలో పెరిగితే నువ్వు గెలిచినట్టు, తగ్గితే నేను అని. ఆ పదేళ్ళలో జనం 80 కోట్లు పెరిగారు, ధరలు మాత్రం తగ్గాయి. 1990లో ఎర్లిచ్ 576 డాలర్ల చెక్కు పోస్టులో పంపాడు. సైమన్ భక్తులు ఇప్పటికీ ఈ కథ చెప్పుకుని మురుస్తారు. వేరే పదేళ్ళు తీసుకుని ఉంటే సైమనే ఓడేవాడని తర్వాత లెక్కలు వేసినవాళ్ళూ ఉన్నారు.

నా బాధ వేరు. రాగికి ధర పెరిగితే జనం అల్యూమినియం వాడతారు, కొత్త గని తవ్వుతారు. భూమి కింద నీటికి ధరే లేదు. పందెం కట్టేవాడు కూడా దొరకడు. 600 అడుగుల కింద ఉన్న నీళ్ళు అయిపోతున్నాయని ఏ బోర్డు మీదా కనపడదు, దుమ్ము లేచేదాకా.

సీమ_రైతుబిడ్డ
ధర పెడితే ముందు చచ్చేది మేమే మాస్టారూ. మోటర్లకి మీటర్లు అంటే ఊళ్ళు లేస్తాయి. వాల్టా చట్టం 2002 నుంచి ఉంది, పర్మిషన్ లేకుండా బోరు వెయ్యకూడదని. నా ఏడు బోర్లకీ ఒక్క కాగితం కూడా లేదు. ఎవరూ అడగలేదు. అడిగేవాడి బోరు మా బోరు పక్కనే ఉంది.

నిద్రమత్తు
నీళ్ళే కాదు. 2025 వానాకాలంలో యూరియా కోసం మా మండలంలో తెల్లవారుజామున చెప్పులు లైన్లో నిలబడ్డాయి. మనుషులు చెట్టు కింద, చెప్పులు క్యూలో. మా బాబాయి చెప్పు ఒకటే దొరికింది సాయంత్రానికి, బస్తా దొరకలేదు.

లెక్కలమాస్టారు
అందుకే మొదట్లో ఎరువు సంగతి ఎత్తాను. యూరియా గ్యాస్‌తో తయారవుతుంది, ఆ గ్యాస్‌లో చాలా వాటా బయట నుంచి రావాలి. డీఏపీలో ఉండే భాస్వరం అయితే మరీను. ప్రపంచ నిల్వల్లో సుమారు 70 శాతం మొరాకో చేతిలో ఉంది. నత్రజని గాల్లో కావలసినంత దొరుకుతుంది, భాస్వరం అలా దొరకదు. మాల్థస్ బతికుంటే మీ బాబాయి చెప్పు ఫోటో గోడకి తగిలించుకునేవాడు.

పులస_ప్రియ
మరి దీనికి జవాబు ఏంటి, జనం ఎక్కువా, వాడకం ఎక్కువా? రెండు రోజులుగా చదువుతున్నా, ఎటూ తేలట్లేదు.

రిటైర్డ్_ఏఎన్నెమ్
నన్నడిగితే, 31 ఏళ్ళు తలలు లెక్కపెట్టాను. తలలు తగ్గించడం తేలిక, ఎందుకంటే ఆ బరువు మాట్లాడని వాళ్ళ మీద వేశాం. మోటర్ ఆపమని మగాడికి చెప్పడం కష్టం. అందుకే ఎవరూ అది చెప్పరు.

సీమ_రైతుబిడ్డ
నా మోటర్ నేనే తగ్గించాను అమ్మా, చెబుతున్నా. ఏడో బోరు ఒకటిన్నర ఇంచుతో రెండెకరాలు చీనీ (మీ బత్తాయి), డ్రిప్పు. మిగతా చేనులో కొర్ర, అండుకొర్ర. పక్క ముగ్గురు రైతులం ఒప్పందం చేసుకున్నాం, ఐదేళ్ళు ఎవరూ కొత్త బోరు వెయ్యకూడదు, ఎండితే ఒకరికొకరు ఒక తడి ఇచ్చుకోవాలి. నోటిమాటే, రాతకోతల్లేవు. రెండేళ్ళు నడిచింది. మూడో ఏడు మొదలైంది, ఎన్నాళ్ళు నిలుస్తుందో చూడాలి. మా దగ్గర కోతులు తక్కువ, అది కూడా చెప్పాలి.

రెండించుల_నీళ్ళు
అన్నా, ఆ ఒప్పందం గురించి నాకు విడిగా రాయండి. మా పక్క చేను ఆయన 800 పోయి దెబ్బతిని ఉన్నాడు, ఇప్పుడైతే వింటాడేమో. డ్రిప్పు సబ్సిడీకి ఏ కాగితాలు పెట్టారో కూడా.

అపార్ట్‌మెంట్‌లో మాస్టారి లెక్క పోస్ట్ చేశాను. ఇంటింటికీ నీటి మీటర్ పెడదామన్నాను. 60 ఫ్లాట్లలో 11 మంది బొటనవేలు ఎత్తారు. ఒకాయన "ముందు పైన లీకేజీ చూడండి" అన్నాడు. ఆయన ఫ్లాటే లీకవుతోంది.

శేరిలింగంపల్లి_శీను
మరి నాన్నగారి బోరు?

రెండించుల_నీళ్ళు
ఇప్పుడే ఫోన్ చేశాడు. నాలుగు రోజులుగా మీరు రాసిందంతా ఆయనకి చదివి వినిపిస్తున్నాను. "అందరు మంచిగనే చెప్తున్నరు. రిగ్గోనికి అడ్వాన్స్ వాపస్ అడిగిన, ఇస్త అన్నడు" అన్నాడు. నేను సంతోషపడేలోపే, "కొబ్బరికాయ ఆయన సరిగ చూడలేదట. ఆదివారం వేపపుల్లాయన వస్తున్నడు, నువ్వు కూడ రా" అన్నాడు.

కాఫీకప్పు
వెళ్ళేటప్పుడు టోపీ పెట్టుకో. దుమ్ము లేస్తుంది.